చివరి చరణంలోని పేరు

ఫిరాసత్ షా, ఫిరాసత్ షా, ఫిరాసత్ షా. పొద్దున్నుంచి ఇదే జపం. పెదవులు కదలనివ్వకుండా లోపల్లోపలే అనుకుంటున్నాను, ఎందుకంటే పెదవులు కదిలితే ఎదుటి స్తంభం పక్కనున్న వెండిబెత్తం బంట్రోతు చూస్తాడు, చూసి ఏమనుకుంటాడో తెలియదు, ఈ కోటలో ఇప్పుడు ఎవరు ఎవర్ని చూసి ఏమనుకుంటున్నారో ఆ పైవాడికే తెలియాలి. గొంతు ఎండిపోతోంది. నీళ్ళు తాగితే మళ్ళీ లేవాల్సి వస్తుంది, ఇది లేచే వేళ కాదు. పన్నీరు వాసన, మైనం వాసన, నా పక్కన ఛజ్జూ తన పఖావజ్ మద్దెల ఎడమ మూతికి పూస్తున్న తడి గోధుమపిండి వాసన. దీపాలు ఇంకా రాలేదు. గుమ్మం బయట ఎండ ఎర్రబడి పాలరాతి మెట్టు మీదికి వచ్చింది, అది ఆ మెట్టు దిగేలోపు దీపాలవాళ్ళు బంగారు కుందులు పట్టుకుని వరుసగా వస్తారు, పాదుషా ముందు వంగి లేస్తారు, వాళ్ళు లేవగానే నేను పాడాలి. పూర్వీ రాగం. నేను కట్టిన పాటే, ఏళ్ళ తరబడి ఈ సభలో ఈ వేళకే పాడిన పాటే. పొద్దు వాలింది, నెమళ్ళు చెట్టెక్కాయి, నా కన్ను ఇంకా దారి మీదే ఉంది. ఇంతవరకూ భయం లేదు, ఇది ఎవరి కొలువులోనైనా పాడుకోవచ్చు. చివరి చరణం ఉందే, అదీ నా ప్రాణం తీస్తున్నది. దీపం పెట్టే వేళ గుర్తొచ్చేవాడు ఒక్కడే, దిల్వర్ షా. ఇదిగో, వచ్చేసింది. అనుకోకూడదు అనుకుంటూనే అనేశాను. లోపల అన్నాను కాబట్టి సరిపోయింది, ఇదే మాట ఇంకాసేపటికి బయట అంటే నా తల నా భుజాల మీద ఉండదు. దిల్వర్ షా ఇప్పుడు పాదుషా కాడు. పోయిన శుక్రవారం నుంచి పాదుషా ఆయన అన్నకొడుకు. ఫిరాసత్ షా, ఫిరాసత్ షా.

పాదుషా వేంచేసేటప్పుడు బిరుదులు చదివే ముసలాయన ఉండేవాడు, నిండుగొంతు, ఆయన మొదలుపెడితే పావురాలు లేచిపోయేవి. శనివారం పొద్దున అలవాటు కొద్దీ పాత పేరు చదివేశాడు. సగంలోనే తెలుసుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ, కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోగలమా. చంకల్లో చేతులు వేసి ఎత్తుకుపోయారు. ఆయన చెప్పు ఒకటి ఈ ఎర్ర కటకటాల దగ్గరే జారి పడింది, సాయంత్రం దాకా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, నేను దాని పక్క నుంచే నడిచి వచ్చి ఇక్కడే కూర్చుని దాన్నే చూస్తూ పాడాను, ఆ రోజు పేరు లేని పాటేదో పాడి బయటపడ్డాను. నాలుక కోశారని ఒకడంటాడు, నదిలోకి తోశారని ఇంకొకడంటాడు. ఆయన పేరును చదివి ఊరుకునేవాడు, అంతే. నా పని అది కాదే. నేను దాన్ని పట్టుకుని సాగదీయాలి, తిప్పాలి, పైకి తీసుకెళ్ళి కిందికి దింపాలి, మళ్ళీ మొదటికి రావాలి, వచ్చిన ప్రతిసారీ అక్కడ ఒక గొయ్యి ఉంటుంది.

"ఖాన్ భాయ్, ఊపిరి తీసుకో," అంటున్నాడు ఛజ్జూ, పిండి అద్దుతూనే, తల ఎత్తకుండా. "శోభనం పెళ్ళికొడుకులా ఆ చెమటలేంటి?"

"నీకేం. నీ చేతికి పేర్లు పలకవు."

"అదేగా నా అదృష్టం. ఏ పాదుషా వచ్చినా ధా అంటే ధానే. ఇటు విను. ఆ చోటు రాగానే నేను రెండు చేతులా వాయించేస్తాను. నువ్వు ఆ పేరన్నా, ఈ పేరన్నా, మీ మామగారి పేరన్నా, నా దెబ్బ కింద పిండైపోద్ది. ఎవడికీ వినపడదు."

"వినపడకపోతే పేరెందుకు మింగావంటారు."

"అనిపించుకోడానికి నువ్వు బతికుంటావుగా. అప్పుడు చూద్దాంలే."

వీడికి ఎప్పుడూ నవ్వులాటే. కానీ అద్దిన చోటే మళ్ళీ మళ్ళీ పిండి అద్దుతున్నాడు, నేను చూశాను, నేను చూసిన సంగతి వాడూ చూశాడు.

నాణాల మీద పేరు శుక్రవారం మధ్యాహ్నానికే మారిపోయింది. టంకశాలవాడు పాత అచ్చు పక్కన పడేసి కొత్త అచ్చు చెక్కుకున్నాడు, వాడి పని అయిపోయింది. మసీదులో ప్రార్థన తర్వాత చదివే పేరు మారింది, వాళ్ళు కాగితం చూసి చదువుతారు. నా నోటికి అచ్చు ఎక్కడిది, కాగితం ఎక్కడిది. పాడేటప్పుడు నేను ఉండను, నాలుక తన దారిన తను పోతుంది, చీకట్లో ఇంటికి నడిచే గొడ్డులాగా. మా నాన్న అనేవాడు, పాట ఇల్లురా బాజిద్, పేరు అందులో అద్దెకున్నవాడు, వాడు ఖాళీ చేస్తే సున్నం కొట్టించి ఇంకొకణ్ణి దింపుకోవాలి గానీ ఇల్లు కూలగొట్టుకోకూడదు. మా నాన్న ముగ్గురు ప్రభువుల దగ్గర అవే పాటలు పేర్లు మార్చి పాడి, చక్కగా ముసలివాడై, మంచం మీద పోయాడు. ఏ ఎండకా గొడుగు. నాకూ ఆ విద్య నేర్పాడు, చిన్నా చితకా అమీర్ల పేర్లు నేనూ మార్చాను, పాన్ నమిలినంత తేలిగ్గా మార్చాను. ఈ పాట అలా కాదు. ఇల్లు కట్టి మనిషిని దింపలేదు నేను, మనిషిని కూర్చోబెట్టి ఆయన చుట్టూ ఇల్లు కట్టాను. దిల్, వర్, షా, మూడే ముక్కలు, మధ్యదాని మీద గాంధార స్వరం కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. ఫి, రా, సత్, షా. నాలుగు. గాంధారానికి కాలు ముడుచుకోవడానికి కూడా చోటు లేదు. పొద్దున్నుంచి ఎన్ని రకాలుగా సర్ది చూశానో, రా మీద పెడితే ఒరుగుతుంది, సత్ మీద పెడితే విరుగుతుంది, చివరికి ఎక్కడో ఇరికించాను, ఇరికించినచోట అది ఉంటుందని నమ్మకం లేదు.

ఆయన గొప్ప పాదుషా ఏం కాదు. యుద్ధం మాట ఎత్తితే జలుబు చేసేది, రాజ్యం సంగతులు చెబుతుంటే ఆవులించేవాడు, వజీర్లు గుమ్మం దగ్గర నిలబడి కాళ్ళు మార్చుకుంటూ ఉంటే లోపల నాతో గాంధారం గురించి వాదన పెట్టుకునేవాడు. ఒక వానాకాలం సాయంత్రం గద్దె మీద కప్పు కారింది. సరిగ్గా ఆయన తలపాగా మీద. అందరూ గొడుగులకు పరిగెత్తారు, ఆయన మాత్రం దిగి వచ్చి నా చాప మీద, నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని, "నువ్వు పాడు, వాళ్ళు గొడుగు తెచ్చేసరికి వాన వెలుస్తుంది," అన్నాడు. ఆ రోజే ఈ చివరి చరణం పుట్టింది. పేరు విని ఆయన సిగ్గుపడ్డాడు, పాదుషా సిగ్గుపడటం నేను అప్పుడే చూడటం. "నా పేరు దగ్గర నీ గాంధారం బద్ధకంగా పడుకుంటోందయ్యా," అన్నాడు, "లేపకు, అలాగే పడుకోనీ." తను కూడా పాడేవాడు, పాపం, శ్రుతి కలిసేది కాదు, సభంతా వాహ్ వాహ్ అనేది, నేను అనలేకపోయేవాణ్ణి, ఆయన నా మొహం చూసి పడీపడీ నవ్వేవాడు, ఇంతమందిలో అబద్ధం చెప్పడం రానిది నీ మొహానికొక్కదానికే అని. ఈ మొహంతోనే ఇవాళ కూర్చోవాలి నేను. నాకు ఆయనంటే ప్రాణం. ఈ మాట ఇక్కడ కూర్చుని అనుకోవడానికే వణుకుగా ఉంది, బంట్రోతు నా వైపే చూస్తున్నాడా, లేదు, నా వెనక గోడ మీద బల్లిని చూస్తున్నాడు. ఫిరాసత్ షా. ఫిరాసత్ షా.

అలాగని ఆయన చేతికి మట్టి అంటలేదని కాదు. గద్దె ఎక్కిన ఏడాదే, చనిపోయిన అన్నగారి పిల్లల్ని నది వైపు ఎత్తుగోడ వెనకాల పెట్టి తాళం వేయించాడు, గద్దె మీద కూర్చున్న ప్రతివాడూ చేసే పనే అది, చేయనివాడు ఎక్కువకాలం కూర్చోడు. గోడకు ఇవతల మా తోటమండపం. వేసవి సాయంత్రాలు అక్కడే పాడేవాళ్ళం. అవతల పిల్లలు దగ్గేవాళ్ళు, ఏళ్ళు గడిచి ఆ దగ్గులు మగవాళ్ళ దగ్గులయ్యాయి. ఒక్కోసారి నేను చివరి చరణానికి వచ్చేసరికి అవతలి నుంచి ఎవరో సన్నగా కూనిరాగం తీసేవాళ్ళు, గాంధారం ఒక వెంట్రుకవాసి తక్కువ. "విన్నావా బాజిద్," అని ఆయన నవ్వేవాడు, "గోడక్కూడా నీ పాట వచ్చేసింది." గోడలకు చెవులుంటాయని విన్నాం గానీ మా గోడకు గొంతు కూడా ఉందేంటి హుజూర్ అని ఛజ్జూ. అందరం నవ్వాం. మామిడిపండ్లు తిన్నాం.

చిలక. అయ్యో, చిలక సంగతి మరిచేపోయాను. వంటింటి వెనక గదిలో పెట్టింది నా భార్య సంజీదా, పంజరం మీద రెండు దుప్పట్లు కప్పి, పైన నా పాత శాలువా కప్పి. అది గుడ్డు చీల్చుకుని వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో వింటున్నది ఆ ఒక్క పేరే, వెలుగు కనబడితే చాలు దిల్వర్ షా సలామత్ అని దీవిస్తుంది. ఊళ్ళో చిలకల మెడలు విరిచేస్తున్నారు. మా వీధి అత్తరు కొట్టువాడు వాళ్ళ చిలక మెడ తనే విరిచి, కూర్చుని ఏడ్చాడు. సంజీదాకు ఆ పనికి చేతులు రాలేదు. పంజరం తలుపు తీసి పొమ్మంది, అది పోయి పెరటిగోడ మీద కూర్చుని, పక్కింట్లో కొత్వాలు బంధువు ఉంటున్నాడు, వాళ్ళ వాకిట్లోకి తల వంచి మరీ సలామత్ అంది. జామపండు చూపించి మళ్ళీ లోపలికి పిలిచేసరికి మా ఇద్దరికీ ఒళ్ళు చల్లబడిపోయింది. "దానికి కొత్త పేరు నేర్పలేమా ఏమండీ," అని అడిగింది రొట్టెలపిండి పిసుకుతూ. నేర్పుదామని కూర్చుంది కూడా, పిసికే ప్రతి పిడికిలికీ ఫిరాసత్ ఫిరాసత్ అంటూ, అది తల ఒరగేసి శ్రద్ధగా విని, ఆలోచించి, దిల్వర్ షా అంది. "ఇది మీలాంటిదేనండీ," అంది సంజీదా, నవ్వబోయి నవ్వలేక. నేను బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర నా చొక్కా బొత్తాలు తనే పెట్టింది, ఎప్పుడూ పెట్టదు. ఇప్పుడు ఆ దుప్పట్ల కింద అది అరుస్తోందో ఏమో. దీపం పెట్టే వేళకు అరుస్తుంది అది, తప్పకుండా అరుస్తుంది.

అయినా ఇదే పాట ఎందుకు. అదీ నాకు అంతుపట్టనిది. పాదుషాకు ఇవ్వడానికి నా దగ్గర పాటలకేం తక్కువ, కొత్తది కట్టమంటే రాత్రికి రాత్రి కడతానే. పొద్దున దారోగా మీర్ అర్జుమంద్, గాయకులందరి మీదా ఆయనే అధికారి, పల్లకీ కూడా దిగకుండా మా గుమ్మంలో చెప్పాడు. "ఖాన్ సాహెబ్, హుజూర్ మీ పూర్వీ అడిగారు. ఆ చివరి చరణం ఉన్నదే. పేరు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదనుకుంటా." వేరేది పాడతానండీ అంటే, "మీరేం పాడాలో మీరు చెప్తారా?" అన్నాడు పల్లకీ తెర దించుకుంటూ. ఉచ్చు అయితే ఇలాగే ఉంటుంది. ఎవరి ఉప్పు ఎవరి నాలుక మీద ఇంకా కరగలేదో చూడటానికి ఇంతకంటే మంచి పరీక్ష ఏముంది. తడబడితే తెలిసిపోతుంది. తడబడకపోతే. తడబడకపోతే ఆయన వింటాడు. ఇది నేను పొద్దున్నుంచి తలుపు మూసి పెట్టుకున్న ఆలోచన, ఇప్పుడు తోసుకుని వచ్చేసింది. ఈ సభకు ఎదురుగా ద్వారం పైన గది ఉంది, దానికి చిన్న కిటికీ ఉంది, ఆ గదిలో పెట్టారు పాత పాదుషాను. కళ్ళకు కాల్చిన సూది గీశారట. గాలి ఇటు నుంచి అటే వీస్తుంది సాయంత్రం పూట. ఏ పాటో మొదటి స్వరానికే తెలుసుకుంటాడు. చూపు లేనివాడికి దీపాలు వెలిగించారని ఈ పాట వల్లే తెలుస్తుంది. చివరి చరణం దాకా ఆగుతాడు, గాంధారం కోసం, తన పేరు కోసం, నా బాజిద్ ఏం చేస్తాడో అని. గద్దె మీద ఒకడు ఆ పేరు రాకూడదని వింటాడు. పైన ఒకడు రావాలని వింటాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నాకు పక్కలకు కూడా తవ్వారు.

ఎండ మెట్టు దిగింది.

కుందులు వచ్చాయి. ఒక్కొక్క వత్తీ అంటుకుంటుంటే మొహాలు ఒక్కొక్కటిగా బయటికి వస్తున్నాయి, చివరికి కొత్త పాదుషా మొహం. ఇంత దగ్గరగా చూడటం ఇదే. గడ్డం సరిగా కత్తిరించుకోవడం ఇంకా అలవాటు కాని మనిషి. ఎండ తగలని తెలుపు. గద్దె అంచున కూర్చున్నాడు, ఎవరైనా వచ్చి లేవమంటారేమో అన్నట్టు. తంబురా ఒళ్ళోకి తీసుకున్నాను. గొంతు పలికింది, దేవుడి దయ, పలికింది. పొద్దు వాలింది. నెమళ్ళు చెట్టెక్కాయి. ఛజ్జూ వేళ్ళు మెత్తగా నా వెనకే నడుస్తున్నాయి. దారి మీదే నా కన్ను. ఫిరాసత్ ఫిరాసత్ ఫిరాసత్. దీపం పెట్టే వేళ గుర్తొచ్చేవాడు ఒక్కడే, అన్నాను, నోరు తెరిచాను, ఛజ్జూ రెండు చేతులూ ఒక్కసారిగా దించాడు. స్తంభాలు మోగాయి. దెబ్బ సద్దుమణిగేసరికి నా నోటి పని అయిపోయింది. ఏ పేరు అన్నానో నాకు తెలియదు. నిజంగా తెలియదు, నా చెవులకు కూడా వినపడలేదు.

పాదుషా చెయ్యి ఎత్తాడు.

"పేరు వినపడలేదు," అన్నాడు. పెద్దగా మాట్లాడటం రాని గొంతు, బొంగురు. "ఆ వాద్యం ఆపమనండి. ఆ చరణం మళ్ళీ."

ఛజ్జూ అరచేతులు తొడల మీద బోర్లా పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. ఇప్పుడు నా తంబురా, నేను. నాలుక కొయ్యబారింది, అది నాది కానట్టు నోట్లో పడి ఉంది. దీపం పెట్టే వేళ. గుర్తొచ్చేవాడు. ఒక్కడే. ఒక్కడే దగ్గర స్వరం పట్టుకుని నిలబడ్డాను, నిలబడగలిగినంతసేపు నిలబడ్డాను, ఊపిరి అయిపోయింది, ఆగాను. రెప్పపాటు. ఆ ఖాళీలో గద్దె వైపు చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు. తల ఒక పక్కకు వాల్చి ఉన్నాడు, చెవి గోడకు ఆనించినవాడిలా, గోడ లేదు అక్కడ, తల మాత్రం ఆనించే ఉంది. పెదవులు కదిలాయి. సన్నగా, తనకు తెలియకుండా, నేను వదిలేసిన చోటు నుంచి అందుకున్నాడు.

దిల్వర్ షా.

గాంధారం ఒక వెంట్రుకవాసి తక్కువ.

కళ్ళు తెరిచాడు. ఆ మొహం నేను మరిచిపోలేను. కటకటాల దగ్గర ముసలాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నప్పటి మొహమే, చెయ్యి లేదంతే. దారోగా తివాచీ మీది పువ్వును చూస్తున్నాడు. బంట్రోతు బల్లిని చూస్తున్నాడు. ముందు వరుసల్లో ఒక్కరికీ చెవులు లేవు. ఎత్తుకుపోవడానికి ఎవరూ కదలలేదు, ఎవర్ని ఎత్తుకుపోతారు. ఆయన నన్నే చూస్తున్నాడు, పాదుషా నన్ను, బతిమాలుతున్నట్టు. నేను అందుకున్నాను. ఫిరాసత్ షా. నాలుగు ముక్కలూ పూసగుచ్చినట్టు వచ్చాయి, గాంధారం ఇరుకులో ఒద్దికగా కూర్చుంది. మళ్ళీ అన్నాను, పై స్థాయిలో అన్నాను, తిప్పి అన్నాను, ఆ పాత పేరు మీద మట్టి కప్పినట్టు కప్పుతూ పోయాను, ఛజ్జూ ఎప్పుడు మళ్ళీ చేతులు కలిపాడో తెలియదు. ఒక్కసారి కూడా తడబడలేదు. తడబడుతుందని పొద్దున్నుంచి చచ్చానే, అంత సులువుగా వచ్చింది, దానికి నాకు ఏడుపు వచ్చింది.

చాలాసేపటికి ఆయన "వాహ్" అన్నాడు. అప్పుడు సభ అంది. మెడలోని ముత్యాల హారం తీసి పంపాడు, అది ఇంకా వెచ్చగా ఉంది, దాన్ని నెత్తికి తాకించుకుని వంగాను.

"రోజూ ఈ వేళకు ఇదే పాడు," అన్నాడు. ఖాళీ మెడ తడుముకుని, "చివరి చరణంతో," అన్నాడు.

మాట దాటే మార్గం లేదు. వెనక్కి నడుస్తూ, వీపు చూపకూడదు కనుక వెనక్కే నడుస్తూ, గుమ్మం దాటాక తల ఎత్తాను. ద్వారం పైన కిటికీలో దీపం లేదు, పెట్టాల్సిన అవసరమూ లేదు. రెండు గొంతులూ విని ఉంటాడు. మొదటిది ఎవరిదో తెలుసుకునే ఉంటాడు, ఆ తగ్గిన గాంధారాన్ని విని అంత నవ్వినవాడికి తెలియదా. రెండోది నాదని కూడా తెలుసు. "బతికాం భాయ్," అంటున్నాడు ఛజ్జూ నా మోచెయ్యి పట్టుకుని, "ఇక భయం లేదు పద," అంటున్నాడు. ఇక భయం లేదట. రేపు ఎండ మళ్ళీ ఆ మెట్టు మీదికి వస్తుంది, నేను నాలుక బిగించుకుని ఇక్కడ కూర్చోవాలి, పాదుషా పెదవులు బిగించుకుని అక్కడ కూర్చోవాలి, పైన ఒకడు గోడకు చెవి ఆనించి కూర్చుంటాడు.